రక్తనాళంలో దొరికిన గడ్డను గోడతో కలిపి చదవడం: గ్రాసింగ్ బల్ల నుంచి స్లైడు దాకా

నాళం కోయగానే లోపల నల్లగా గడ్డ కనిపిస్తుంది. ఫోర్సెప్స్‌తో పట్టి లాగితే మెత్తగా ఊడి వస్తుంది. అలా లాగారంటే కేసులో సగం చేజారినట్టే. ఆ గడ్డ బతికుండగా కట్టిందా, ప్రాణం పోయాక కట్టిందా, అక్కడే పుట్టిందా, ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిందా అన్నది తేలేది గడ్డకూ గోడకూ మధ్య ఉన్న అతుకు దగ్గరే. ఆ అతుకు చెడకుండా గ్రాసింగ్ బల్ల (నమూనాను కంటితో చూసి ముక్కలు కోసే బల్ల) మీద నుంచి మైక్రోస్కోప్ కిందికి ఎలా చేర్చాలో ఇక్కడ చెబుతున్నాం. పాథాలజీ పీజీలను, హిస్టోపాథాలజీ టెక్నీషియన్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది.

ముందు మాటల సంగతి

మామూలు మాటల్లో అన్నీ గడ్డలే. రిపోర్టులో మాత్రం మూడూ వేరు. బతికున్న మనిషి నాళంలో, పారుతున్న రక్తంలోంచి కట్టింది థ్రాంబస్. నిలిచిపోయిన రక్తం గట్టిపడితే, అది గాజు గొట్టంలోనైనా మరణం తర్వాత నాళంలోనైనా, క్లాట్. ఒకచోట పుట్టి, తెగి, ప్రవాహంతో పోయి మరోచోట ఇరుక్కున్నది ఎంబోలస్. ఈ అర్థంలో ఎంబోలిజం అన్న మాటను వాడుకలోకి తెచ్చింది 19వ శతాబ్దపు జర్మన్ పాథాలజిస్టు రుడాల్ఫ్ విర్కో. ఆయన పేరుతో చెప్పుకునే మూడు కారణాలు పరీక్ష రాసేవాళ్లందరికీ కంఠతా వచ్చు: గోడకు దెబ్బ, ప్రవాహంలో తేడా, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. బల్ల ముందు నిలబడినప్పుడు వాటిని ప్రశ్నలుగా మార్చుకోండి. మొదటిదానికి జవాబు గోడ కోతలో ఉంటుంది. రెండోదానికి గడ్డ కూర్చున్న చోటే జవాబు: సిర కవాటం వెనక జేబులోనా, అన్యూరిజమ్ (గోడ బలహీనపడి ఉబ్బిన చోటు) సంచిలోనా, ఇరుకైన చోటు దాటాక సుడి తిరిగే చోటా? మూడోది కంటికి దొరకదు. కేస్ షీటు తిరగేసి క్యాన్సర్, గర్భం, ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ (పుట్టుకతో వచ్చే జన్యు లోపం), యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల లాంటి గడ్డకట్టించేవి ఉన్నాయేమో వెతకాలి.

కత్తి పెట్టే ముందు

ఊపిరితిత్తుల ఎంబోలిజం అనుమానం ఉన్న శవపరీక్షలో గుండె, ఊపిరితిత్తులు కదిలించకముందే పల్మనరీ ట్రంక్ (గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పెద్ద ధమని) తెరవాలి. పెరికార్డియం (గుండె చుట్టూ ఉండే సంచి) తెరిచి, ట్రంక్ ముందు గోడ మీద 2 నుంచి 3 సెం.మీ. నిలువు కోత పెట్టి, కుడి ఎడమ శాఖల్లోకి తొంగి చూడండి. అవయవాలు బయటికి తీశాక చూద్దాంలే అనుకుంటే, ట్రంక్ రెండుగా చీలే చోట జీను వేసినట్టు కూర్చున్న ఎంబోలస్ కాస్తా రక్తంతో పాటు ట్రేలోకి జారిపోతుంది. తర్వాత ట్రేలో దొరికిన గడ్డ ఎక్కడిదో ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. దొరికిన చోటే స్కేలు పెట్టి ఫోటో తీయండి.

ఇక అసలు తేడా. మరణానంతర గడ్డ తడిగా మెరుస్తుంది, పట్టుకుంటే జెల్లీలా వణుకుతుంది. దేహం వెల్లకిలా ఉన్న గంటల్లో ఎర్రకణాలు బరువుకు కిందికి దిగుతాయి కాబట్టి అడుగు భాగం ముదురు ఎరుపుగా, పైభాగం కోడి కొవ్వులా లేత పసుపుగా ఉంటుంది. గోడకు అంటదు. మెల్లగా లాగితే నాళంలో అచ్చు పోసినట్టు, కొమ్మలూ రెమ్మలతో సహా ఊడి వస్తుంది. దాని కింద గోడ నున్నగా ఉంటుంది.

ఎంబోలస్ చూడండి. పొడిగా, మసకగా ఉంటుంది, వంచితే విరుగుతుంది. నాళాన్ని బిగించి ఉబ్బిస్తుంది. కాలి సిర నుంచి వచ్చినదైతే ఆ సిర మందంలోనే పొడుగ్గా ఉండి, ఊపిరితిత్తి ధమనిలో పట్టక చుట్టలు చుట్టుకుని, మడతలు పడి ఉంటుంది. విప్పి పరిస్తే పక్కన చిన్న మొండి కొమ్మలు కనిపిస్తాయి. అవి ఇరుక్కున్న చోటి కొమ్మలు కావు, పుట్టిన చోట సిరలో కలిసిన ఉపసిరల గుర్తులు. ఒక్కోసారి కవాటం అచ్చు కూడా పడి ఉంటుంది. ఈ కొమ్మల లెక్క సరిపోకపోవడమే అన్నిటికన్నా బలమైన ఆధారం.

ఈ రెండూ ఒకే నాళంలో కలిసి ఉండటం మామూలే. లోపల అసలు ఎంబోలస్, దాని చుట్టూ తర్వాత తొడుక్కున్న జెల్లీ. ఒక చివర జెల్లీ కనబడగానే మొత్తాన్ని తీసి పారేయకండి. సెంటీమీటరుకొకటి చొప్పున అడ్డంగా కోసి ప్రతి ముఖమూ చూడండి.

కాళ్లలో వెతికేటప్పుడు ముందు రెండు పిక్కల చుట్టుకొలత తీసుకోండి. టిబియా ముందు బొడిపె నుంచి కిందికి 10 సెం.మీ. దగ్గర, రెండు వైపులా ఒకే చోట. తర్వాత పిక్కను పిండి గడ్డ బయటికి దూకుతుందేమో చూడటం ఒక పాత అలవాటు. మా సలహా, అది మానేయండి. పిండితే అతుకు తెగుతుంది. వెనక వైపు చర్మం తెరిచి పిక్క కండరాలను 1 నుంచి 2 సెం.మీ. దూరంలో అడ్డంగా కోసుకుంటూ పోవాలి. కోసిన ముఖం మీద నిలిచిన రక్తం కారిపోతుంది, థ్రాంబస్ మాత్రం పెన్సిల్ మొన పొడుచుకొచ్చినట్టు సిర నోట్లోంచి పైకి నిలబడుతుంది. దాన్ని సిర గోడతో, చుట్టూ ఉన్న కండరంతో కలిపి ముక్క తీసుకోండి.

ముక్కలు ఎక్కడ తీయాలో థ్రాంబస్ పెరిగే దిక్కును బట్టి ఉంటుంది. సిరలో అది ప్రవాహంతో పాటు పెరుగుతుంది, ధమనిలో ప్రవాహానికి ఎదురు పెరుగుతుంది. అంటే ఎక్కడైనా గుండె వైపుకే. గోడకు అంటిన తల పాతది, తోక కొత్తది. తోక నుంచి ఒక్క బ్లాక్ తీసి వయసు చెప్పేస్తే ఆ థ్రాంబస్ మొదలైన రోజు తప్పుగా లెక్కపడుతుంది. కనీసం మూడు బ్లాకులు: గోడతో సహా తల, మధ్య భాగం, తోక. క్యాసెట్ల మీద ఏది ఏదో రాయడం మరవకండి.

ఫార్మలిన్‌లో పడే ముందు, పడ్డాక

తాజా గడ్డను కుళాయి కింద పెట్టకండి. నీటి ధారకు వదులు భాగాలు కొట్టుకుపోతాయి, ఎర్రకణాలు పగిలి రంగు పోతుంది. ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉంటే కల్చర్‌కు ముక్క ఇప్పుడే తీయాలి. ఫార్మలిన్ తగిలాక కల్చర్ మాట ఇక ఎత్తక్కర్లేదు.

ఫిక్సేటివ్ 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. కలిపే లెక్క: గాఢ ఫార్మలిన్ 100 మి.లీ., నీళ్లు 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రా., నిర్జల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రా. స్పెసిమెన్‌కు పదింతలైనా ద్రవం ఉండాలి, ఇరవై ఇంతలైతే ఇంకా మంచిది. మెత్తని థ్రాంబస్‌ను నాళం తెరవకుండానే 24 గంటలు ఉంచి, గట్టిపడ్డాక అడ్డంగా కోస్తే గడ్డ గోడను వదలదు.

బఫర్ ఎందుకింత ముఖ్యమంటే, గడ్డ అంటే రక్తం. బఫర్ లేని ఫార్మలిన్ నిలవ ఉండి ఆమ్లంగా మారితే హీమోగ్లోబిన్‌తో కలిసి గోధుమ నలుపు ఫార్మలిన్ పిగ్మెంట్ పేరుకుంటుంది. హెచ్ అండ్ ఇ (హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే మామూలు రంగులు) స్లైడులో దాన్ని చూసి హీమోసిడెరిన్ (పాత రక్తం వదిలే ఇనుము పిగ్మెంట్) అనుకుని, నిన్న కట్టిన గడ్డకు రెండు వారాల వయసు వేసిన సందర్భాలు కొత్తేమీ కాదు. విడదీయడం సులువు. పోలరైజర్ పెడితే ఫార్మలిన్ పిగ్మెంట్ వెలుగుతుంది, హీమోసిడెరిన్ వెలగదు. ఇనుమును చూపే పెర్ల్స్ స్టెయిన్‌లో హీమోసిడెరిన్ నీలంగా మారుతుంది, ఫార్మలిన్ పిగ్మెంట్ మారదు. ఆల్కహాల్‌లో సంతృప్త పిక్రిక్ ఆమ్లంలో సెక్షన్‌ను ఉంచితే ఆ పిగ్మెంట్ కరిగిపోతుంది కూడా.

కాథెటర్‌తో తీసిన గడ్డలు చిన్న చిన్న తునకలుగా వస్తాయి. వాటిని ఫిల్టర్ కాగితంలో వడకట్టి, అదే కాగితంలో మడిచి క్యాసెట్‌లో పెట్టాలి. మొత్తం పంపాలి, ఏదీ దాచిపెట్టొద్దు. పొడవు, ఎన్ని తునకలు, ఎరుపా తెలుపా కలగలుపా అన్నది రాసుకోండి.

కరొనరీ ధమనులు

గుండె కండరానికి రక్తం ఇచ్చే ఈ ధమనులను కత్తెరతో పొడుగునా చీల్చకండి. చీలిస్తే మూడు నష్టాలు: థ్రాంబస్ జారిపోతుంది, గోడలో కొవ్వు పలకలా పేరుకున్న ప్లాక్ పొట్టు లేస్తుంది, ఇరుకు ఎంతో కొలవలేరు. పుట్టిన రంధ్రం నుంచి మొదలుపెట్టి 3 మి.మీ. దూరంలో అడ్డంగా, కొత్త బ్లేడ్‌తో, ఒక్క వాటున కోయాలి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగితే కాల్షియం ముక్కలు లోపలికి గుచ్చుకుని అసలు లేని చీలికను పుట్టిస్తాయి.

బ్లేడ్ కరకరమంటే ఆగండి. ఆ ధమనిని గుండె మీద నుంచి పూర్తిగా విడదీసి, బాగా ఫిక్స్ అయ్యాక డీకాల్సిఫై చేసి (ఆమ్లంతో కాల్షియం తీసేసి) అప్పుడు కోయాలి. 10 శాతం ఫార్మిక్ ఆమ్లం, ముక్కకు ఇరవై ఇంతల ద్రవం, రోజూ మార్చడం. 24 గంటల నుంచి పరీక్షించడం మొదలుపెట్టండి. సూదితో గుచ్చి చూడటం తప్పు పద్ధతి, కణజాలం చెడుతుంది. వాడిన ద్రవం 5 మి.లీ. తీసుకుని, అమ్మోనియాతో తటస్థం చేసి, సంతృప్త అమ్మోనియం ఆక్సలేట్ 5 మి.లీ. కలిపి అరగంట ఉంచండి. తెల్లగా మసకబారితే కాల్షియం ఇంకా వస్తోంది, ద్రవం మార్చి కొనసాగించాలి. తేటగా ఉంటే చాలు, వెంటనే తీసేయాలి. అతిగా ఉంచితే కేంద్రకాలు హెమటాక్సిలిన్ పట్టవు, స్లైడంతా గులాబీ రంగులో మునిగిపోతుంది. ఆమ్లం హీమోసిడెరిన్‌లోని ఇనుమును కూడా కడిగేస్తుంది. అందువల్ల వయసు తేల్చాల్సిన థ్రాంబస్ భాగాన్ని వీలైతే డీకాల్సిఫికేషన్‌కు ముందే వేరే బ్లాకుగా తీసుకోండి. అలాగే కాల్షియం తీసేసిన బ్లాకు మీద వాన్ కోసా (కాల్షియాన్ని చూపే స్టెయిన్) చేసి నెగటివ్ అని రాయడంలో అర్థం లేదు.

ఇరుకు శాతం రాసేటప్పుడు వ్యాసమో వైశాల్యమో చెప్పకపోతే ఆ అంకె ఎందుకూ కొరగాదు. వ్యాసం 50 శాతం తగ్గితే వైశాల్యం 75 శాతం తగ్గినట్టు. పాథాలజిస్టులం వైశాల్యం చెబుతాం, యాంజియోగ్రామ్ చూసేవాళ్లు వ్యాసం చెబుతారు. తగాదాలన్నీ ఇక్కడే. అసలు దారి ఎంత ఉండేదన్నదానికి ఇంటర్నల్ ఎలాస్టిక్ లామినా (ధమని లోపలి పొరకూ మధ్య పొరకూ నడుమ ఉండే సాగే పొర) లోపలి వైశాల్యం కొలమానం. ప్లాక్ పెరిగేకొద్దీ ధమని బయటికి సాగుతుందని, ఆ వైశాల్యంలో దాదాపు 40 శాతం ప్లాక్ ఆక్రమించేదాకా దారి పెద్దగా తగ్గదని 1987లో గ్లాగోవ్ బృందం చూపించింది. కాబట్టి పక్కనున్న బాగున్న భాగంతో పోల్చి చెప్పడం కన్నా అదే సెక్షన్‌లోని లామినాతో పోల్చడం మేలు. ఒత్తిడి లేకుండా ఫిక్స్ చేసిన ధమని ముడుచుకుని చీలికలా కనిపిస్తుంది, నిజం కన్నా ఇరుకు ఎక్కువగా తోస్తుంది. అవకాశం ఉంటే 100 మి.మీ. మెర్క్యురీ ఒత్తిడితో ఫార్మలిన్ ఎక్కించి ఫిక్స్ చేస్తే ఈ బాధ ఉండదు.

థ్రాంబస్ కనిపించాక పని ఇంకా అయిపోలేదు, అది ఎందుకు కట్టిందో వెతకాలి. ప్లాక్ చిట్లడం, పైపొర ఒరుసుకుపోవడం, కాల్షియం బొడిపె పొడుచుకురావడం, ఈ మూడూ దారులు. చిట్లిన చోట పల్చని ఫైబ్రస్ టోపీ తెగి, కొలెస్టరాల్ చీలికలతో నిండిన మెత్తని గుజ్జు దారిలోని థ్రాంబస్‌తో నేరుగా కలిసిపోయి ఉంటుంది. 65 మైక్రాన్ల కన్నా పల్చగా ఉన్న టోపీని చిట్లే ప్రమాదం ఉన్నదిగా చూస్తారు. ఒరుసుకున్న చోట టోపీ తెగదు. ఎండోథీలియం (నాళం లోపలి కణాల పూత) మాత్రం ఉండదు, కింద మృదుకండర కణాలు, ప్రోటియోగ్లైకాన్లు దండిగా ఉంటాయి. కాస్త చిన్న వయసు ఆడవాళ్లలో, పొగతాగేవాళ్లలో ఇది ఎక్కువ. చిట్లిన చోటు, థ్రాంబస్ లావుగా ఉన్న చోటు ఒకటే కానక్కర్లేదు, కొన్ని మిల్లీమీటర్లు పక్కకు ఉండొచ్చు. ఒక్క సెక్షన్ చూసి చిట్లలేదని రాయకండి. ఆ బ్లాకు మొత్తం లెవెల్స్ (వేర్వేరు లోతుల్లో సెక్షన్లు) తీయించండి.

టెంపోరల్ ధమని బయాప్సీ

కణత దగ్గరి ఈ ధమనిలో గొడవ, జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ (ధమని గోడకు వచ్చే మంట) అనే రోగం మచ్చలు మచ్చలుగా ఉండటం. ఒక చోట మంట, పక్క మిల్లీమీటరులో ఏమీ ఉండదు. ఫిక్స్ అయ్యాక కనీసం 1 సెం.మీ. పొడవు ఉండాలి. పొడవు కొలిచి రాయండి, చిన్నదైతే ఆ మాటా రాయండి. 2 నుంచి 3 మి.మీ. ముక్కలుగా అడ్డంగా కోసి, ప్రతి ముక్కనూ నిలబెట్టి ఎంబెడ్ చేయాలి. మైనంలో పడుకోబెడితే సెక్షన్ పొడుగునా వస్తుంది, పొరల మందం గురించి ఏమీ చెప్పలేం. ఎంబెడ్డింగ్ చేసేవాళ్లకు క్యాసెట్‌తో పాటు "నిలబెట్టాలి" అని చీటీ పెట్టడం చాదస్తం అనిపించినా పని చేస్తుంది. 15 మి.మీ. ముక్కను 3 మి.మీ. చొప్పున కోస్తే ఐదు వలయాలు, మూడు లెవెల్స్ తీస్తే పదిహేను. అన్నీ గుండ్రంగా, గోడ పూర్తిగా కనిపించేలా ఉన్నాయా అని ముందు లెక్కపెట్టుకుని అప్పుడు రోగం వెతకండి.

జెయింట్ సెల్ ఆర్టెరైటిస్‌లో లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లు ఇంటిమా (లోపలి పొర), మీడియా (మధ్య కండర పొర) సరిహద్దు దగ్గర గుమిగూడతాయి. లామినా ముక్కలవుతుంది, ఇంటిమా ఉబ్బి దారి మూసుకుపోతుంది. పేరులో ఉన్నాయి గదా అని జెయింట్ కణాలు కనిపించేదాకా ఆగక్కర్లేదు. అవి లేకుండానూ నిర్ధారణ చేయొచ్చు. వయసు మీద పడ్డవాళ్లలో ఇంటిమా మందం కావడం, లామినా వెంట కాల్షియం పేరుకోవడం సహజం, వాటినే పట్టుకుని ఆర్టెరైటిస్ అనకండి. స్టెరాయిడ్ మొదలుపెట్టి కొన్ని రోజులైనా బయాప్సీలో మార్పులు వెంటనే మాయం కావు, కాబట్టి మందు మొదలైందని బయాప్సీ దండగ అనుకోనక్కర్లేదు. మందు ఎప్పుడు మొదలైందో ఫారంలో లేకపోతే ఫోన్ చేసి అడిగి తెలుసుకోండి.

వెర్‌హాఫ్ వాన్ గీసన్: చేతికి అలవాటు కావాల్సిన స్టెయిన్

నాళాల పనిలో హెచ్ అండ్ ఇ తర్వాత ఒక్కటే స్టెయిన్ చేయగలిగితే అది ఇదే. ఎలాస్టిక్ నలుపు, కొలాజెన్ ఎరుపు, కండరం పసుపు. ధమనో సిరో, లామినా తెగిందో లేదో, పాత థ్రాంబస్‌తో పూడిపోయి మచ్చగా మిగిలిన నాళం హద్దులెక్కడో, అన్నీ దీనిలోనే తేలతాయి.

వెర్‌హాఫ్ ద్రావణం ఏ రోజుది ఆ రోజే కలపాలి. నిర్జల ఆల్కహాల్‌లో 5 శాతం హెమటాక్సిలిన్ 20 మి.లీ., 10 శాతం ఫెర్రిక్ క్లోరైడ్ 8 మి.లీ., లూగాల్ అయోడిన్ 8 మి.లీ. ఈ వరుసలోనే, ఒక్కొక్కటి పోశాక కలుపుతూ. లూగాల్‌కు 100 మి.లీ. నీటిలో అయోడిన్ 2 గ్రా., పొటాషియం అయోడైడ్ 4 గ్రా. వాన్ గీసన్‌కు సంతృప్త పిక్రిక్ ఆమ్లం 100 మి.లీ., 1 శాతం యాసిడ్ ఫుక్సిన్ 5 మి.లీ. పిక్రిక్ ఆమ్లం సీసా ఎప్పుడూ తడిగానే ఉండాలి. ఎండిపోయి మూత చుట్టూ స్ఫటికాలు కట్టిన సీసాను తిప్పి తెరవొద్దు, పేలుతుంది.

సెక్షన్ 4 నుంచి 5 మైక్రాన్లు. మైనం తీసి నీటిదాకా తెచ్చాక వెర్‌హాఫ్‌లో గంటసేపు, మొత్తం కారునలుపు అయ్యేదాకా. నీటిలో కడిగి, 2 శాతం ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి తీయడం మొదలుపెట్టండి. ఇక్కడ గడియారాన్ని నమ్మకండి. ఒకటి రెండు నిమిషాలని పుస్తకాల్లో ఉంటుంది గానీ సెక్షన్ మందాన్ని బట్టి, ద్రావణం ఎంత తాజాదన్నదాన్ని బట్టి మారుతుంది. నాలుగైదు సార్లు ముంచి, నీటిలో ఆడించి, తడి స్లైడునే మైక్రోస్కోప్ కింద చూడండి. మొదట అంతా నల్లటి మరక. ఇంకొన్ని ముంపులకు నేపథ్యం బూడిద రంగులోకి తేలుతుంది, అందులోంచి లామినా అలల గీతలా నల్లగా విడిపడుతుంది. మీడియాలోని సన్నని ఎలాస్టిక్ పోగులు ఇంకా కొద్దిగా మసకలో ఉండగానే ఆపేయండి. పూర్తి స్పష్టత వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, ఎందుకంటే తర్వాత వాన్ గీసన్‌లోని పిక్రిక్ ఆమ్లం మరికాస్త రంగు లాగేస్తుంది.

ఆపాక నీటిలో కడిగి, 5 శాతం సోడియం థయోసల్ఫేట్‌లో ఒక నిమిషం, అయోడిన్ పోవడానికి. పారే నీటిలో ఐదు నిమిషాలు. వాన్ గీసన్‌లో 3 నుంచి 5 నిమిషాలు. ఆ తర్వాత నీళ్లు తగలనివ్వకండి, నేరుగా 95 శాతం ఆల్కహాల్, నిర్జల ఆల్కహాల్, జైలీన్, మౌంటింగ్. నీటిలో పెడితే పసుపు దిగిపోయి కండరం వెలవెలబోతుంది.

లామినా మాయమైతే రెండు అవకాశాలు: రోగం, లేదా అతిగా డిఫరెన్షియేట్ కావడం (ఫెర్రిక్ క్లోరైడ్‌లో రంగు మరీ ఎక్కువగా పోవడం). అదే స్లైడులో ఎక్కడో ఒక మూల బాగున్న చిన్న ధమని ఉంటుంది. అందులోనూ నలుపు లేకపోతే తప్పు స్టెయిన్‌ది. వాన్ గీసన్ వేయకముందు గమనిస్తే మళ్లీ వెర్‌హాఫ్‌లో పెట్టి సరిచేసుకోవచ్చు.

మిగతా స్టెయిన్లు క్లుప్తంగా. పెర్ల్స్‌కు 2 శాతం పొటాషియం ఫెర్రోసయనైడ్, 2 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం సమానంగా, వాడే ముందే కలిపి, 20 నిమిషాలు, పక్కన కంట్రోల్ స్లైడు తప్పనిసరి. మార్షియస్ స్కార్లెట్ బ్లూలో కొత్త ఫైబ్రిన్ (గడ్డలోని ప్రోటీన్ పోగులు) పసుపు, ముదిరింది ఎరుపు, బాగా పాతది నీలం వైపు పోతుంది. ఎర్రకణాలు కూడా పసుపే, అక్కడ కళ్లు మోసపోతాయి. ప్లేట్‌లెట్లకు సీడీ61, ఎండోథీలియానికి సీడీ31, ఈ రెండూ యాంటీబాడీలతో చేసే స్టెయిన్లు.

గడ్డ వయసు

హెచ్ అండ్ ఇ లో జాన్ గీతలు కనిపిస్తే, అంటే ప్లేట్‌లెట్లు ఫైబ్రిన్ కలిసిన పాలిపోయిన పట్టీలు, ఎర్రకణాల పట్టీలు ఒకటి విడిచి ఒకటి పేర్చినట్టు ఉంటే, ఆ గడ్డ పారుతున్న రక్తంలో కట్టింది. మరణానంతర గడ్డలో ఒకే ఒక్క సరిహద్దు ఉంటుంది, కింద ఎర్రకణాలు, పైన ప్లాస్మా. నెమ్మదిగా పారే సిరల్లో ఈ గీతలు అంత స్పష్టంగా ఉండవు, లేవు కదా అని థ్రాంబస్ కాదనకండి.

మొదటి రోజు: ఎర్రకణాల అంచులు నిక్కచ్చిగా ఉంటాయి, న్యూట్రోఫిల్స్ చెక్కుచెదరకుండా ఉంటాయి, గోడ స్పందన లేదు. 1 నుంచి 5 రోజులు: న్యూట్రోఫిల్ కేంద్రకాలు పొడిపొడిగా రాలతాయి, ఎర్రకణాలు ఒకదాంట్లో ఒకటి కరిగినట్టవుతాయి, అంచుల్లో ఎండోథీలియం పాకడం మొదలవుతుంది. ఐదో రోజు దాటాక అతుకు దగ్గర గోడలోంచి కదురులాంటి కణాలు, సన్నని కేశనాళికలు లోపలికి వస్తాయి. వారం దాటి రెండో వారంలోకి వచ్చేసరికి హీమోసిడెరిన్ మింగిన మాక్రోఫేజ్‌లు, ట్రైక్రోమ్ స్టెయిన్‌లో కొలాజెన్ పోగులు. వారాలు నెలలు గడిస్తే లోపల కొత్త దారులు తెరుచుకుంటాయి, లేదా సిర మధ్య పీచుతాళ్లు మిగిలిపోతాయి.

ఇవి రోజుల లెక్కలు కావు, వెడల్పాటి గడులు. గడ్డ కరిగించే మందు, గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఈ వరుసను కలిపేస్తాయి. పెద్ద అన్యూరిజమ్‌లో పొరలు పొరలుగా పేరుకున్న థ్రాంబస్ మధ్యలోకి గోడ కణాలు చేరలేవు, అది ఏళ్ల తరబడి పచ్చిగానే కనిపిస్తుంది. అక్కడ మధ్య నుంచి ముక్క తీసి వయసు చెప్పేవాళ్లకు దండం పెట్టాలి. రిపోర్టులో తాజా, ఆర్గనైజ్ అవుతున్నది (గోడ కణాలు లోపలికి పాకుతున్నది), ఆర్గనైజ్ అయినది అని మూడు మాటల్లో ఏదో ఒకటి రాసి, పక్కన ఏ లక్షణం చూసి అన్నారో రాయండి. ఒకే నాళంలో వేర్వేరు వయసులు కనిపిస్తే అదీ చెప్పాలి, ఎందుకంటే ప్రాణం తీసిన పెద్ద ఎంబోలస్‌కు ముందు చిన్నవి వచ్చిపోయాయని దాన్నుంచే తెలుస్తుంది.

తరచూ పొరబడే చోట్లు

తీసేసిన కాలులో ముంగాలి, మడమ వైపు ధమనులను అడ్డంగా కోసినప్పుడు గోడ గొట్టంలా గట్టిగా తగిలితే అదంతా అథెరోస్క్లెరోసిస్ కాదు. మీడియాలో వలయంగా కాల్షియం ఉండి దారి తెరిచే ఉంటే అది మెంకెబర్గ్ రకం, దానంతట అది దారి మూయదు. పొగతాగే చిన్న వయసువాళ్లలో థ్రాంబస్ నిండా కణాలు, మధ్యమధ్య చీము చుక్కల్లాంటి న్యూట్రోఫిల్ గుంపులు ఉండి, లామినా మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే బ్యూర్గర్ రోగాన్ని (చేతులు, కాళ్ల నాళాలకు వచ్చే మంట) తలుచుకోండి. లామినా నిలిచి ఉండటమే అక్కడ కీలకం, మళ్లీ వెర్‌హాఫ్ పనే.

చిన్న ధమనిలో సూది ఆకారపు ఖాళీ చీలికలు కనిపిస్తే కొలెస్టరాల్ ఎంబోలస్. ప్రాసెసింగ్‌లో కొవ్వు కరిగిపోయి ఖాళీ మిగులుతుంది. గుండె మసాజ్ చేసిన దేహంలో ఊపిరితిత్తి ధమనిలో ఎముక మజ్జ తునక కనిపిస్తే చాలావరకు అది పక్కటెముకలు విరిగినందువల్ల వచ్చిందే, చావుకు కారణంగా రాయకండి. డీఐసీ (ఒళ్లంతా సూక్ష్మ నాళాల్లో గడ్డలు కట్టే స్థితి) అనుమానం ఉంటే కిడ్నీ గ్లోమెరులస్‌లు, ఊపిరితిత్తులు, అడ్రినల్ ముందు చూడాలి. ఆ సూక్ష్మ గడ్డల్లో ఫైబ్రిన్ ఎక్కువ. టీటీపీ (సూక్ష్మ నాళాల్లో గడ్డలు కట్టే మరో జబ్బు)లో ప్లేట్‌లెట్లు ఎక్కువ, సీడీ61 బాగా పడుతుంది.

శస్త్రచికిత్సలో కాలి నుంచో చేతి నుంచో తీసిన ఎంబోలస్‌ను "క్లాట్ కదా" అని చూడకుండా పారేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ప్రతిదాన్నీ ప్రాసెస్ చేయండి. ఫైబ్రిన్ పొరల మధ్య నీలిరంగు మిక్సాయిడ్ పదార్థంలో నక్షత్రాల్లాంటి కణాలు కనిపిస్తే అది ఎడమ ఏట్రియంలోని మిక్సోమా (గుండె గదిలో పెరిగే కణితి) తెగిన ముక్క కావచ్చు. పెద్ద ఎంబోలస్ మధ్యలో న్యూట్రోఫిల్స్ దండిగా ఉంటే గ్రామ్ స్టెయిన్, గోమోరీ మెథెనమైన్ సిల్వర్ వేసి బాక్టీరియా, ఫంగస్ చూడాలి. రెండింట్లో ఏది దొరికినా రిపోర్టు టైపు అయ్యేదాకా ఆగకుండా సర్జన్‌కు ఫోన్ చేయాలి.